ఒక చవక కౌబాయ్ చిత్రం – ప్రేక్షకుల నవ్వు

మొన్న పరీక్షలకు ముందు మా కాలేజీ విద్యార్థులు కొందరు కలిసి ఒక పాత అమెరికన్ చిత్రం ప్రదర్శించారు. పేరు ‘రైడర్స్ ఆఫ్ డెస్టినీ’. 1933లో తీసిన కౌబాయ్ చిత్రం, గంటసేపైనా నడవదు. నన్ను పిలవడానికి వచ్చిన కుర్రవాడు, “పరమ చెత్త సినిమా, మాస్టారూ! అందుకే వేస్తున్నాం. అందరం కలిసి నవ్వుకోవచ్చు” అన్నాడు. నేనూ నవ్వుకోవడానికే వెళ్ళాను. అందరితో పాటు నవ్వాను. మధ్యలో ఒకచోట మాత్రం హాల్లో నవ్వు ఆగిపోయింది. అది ఎందుకు ఆగిందా అని ఆలోచిస్తే తేలిన విషయాలు కొన్ని ఈ వ్యాసంలో చెప్పదలిచాను.

చెత్త సినిమా చూసి నవ్వడాన్ని గురించి కూడా విమర్శ రాయాలా అని పాఠకులు అనుకోవచ్చు. గొప్ప రచనలను గురించి రాసినంత ఓపికగా మనం నాసిరకం రచనలను గురించి రాయం. రాసినా, ‘నాసిరకం’ అని ఒక ముద్ర వేసి పక్కన పడేస్తాం. కాని ప్రజాబాహుళ్యం చూసేదీ చదివేదీ చాలా భాగం ఆ పక్కన పడేసిందే. వాళ్ళు దాన్ని ఎట్లా చూస్తున్నారు, చూసి ఏం తీసుకుంటున్నారు అనే ప్రశ్న అభ్యుదయ విమర్శకుడికి సంబంధించిందే. పైగా, నవ్వు ఊరికే రాదు. ఒక మనిషి దేన్ని చూసి నవ్వుతాడో, దేన్ని చూసి నవ్వడో గమనిస్తే అతని దృక్పథం చాలావరకు తెలిసిపోతుంది.

ముందు కథ చెబుతాను. ఒక లోయలో కొందరు పశువులు పెంచుకుని బతుకుతుంటారు. కింకెయిడ్ అనే ఆసామి ఆ లోయ నీళ్ళను చేజిక్కించుకుంటాడు. నీళ్ళు కావలసినవాడు అతను అడిగిన ధర ఇవ్వాలి. ఇచ్చుకోలేనివాడు భూమి వదులుకోవాలి. ఎదురు తిరిగేవాళ్ళ సంగతి చూడడానికి అతని దగ్గర తుపాకులు పట్టిన మనుషులున్నారు. డెంటన్ అనే ముసలాయన పొలంలో మాత్రం సొంత బావి ఉంది. ఆయనకు ఒక కూతురు. ఇట్లాంటి చోటికి తెల్ల గుర్రం మీద, గిటారు వాయించుకుంటూ, పాడుకుంటూ శాండీ అనే యువకుడు వస్తాడు. అతను వాషింగ్టన్ నుంచి ప్రభుత్వం రహస్యంగా పంపిన ఉద్యోగి. కింకెయిడ్ పక్షం చేరినట్టు నటించి, అతని చేతనే డెంటన్ బావిని పేల్పిస్తాడు. పేలుడుతో భూగర్భంలోని నీరు పైకి ఉబికి లోయలోకి పారుతుంది. ఆ వెల్లువలోనే కింకెయిడ్ కథ ముగుస్తుంది. శాండీ వేషం వేసింది జాన్ వేన్. దర్శకుడు రాబర్ట్ బ్రాడ్‌బరీ.

మా హాల్లో మొదటి నవ్వు మొదటి పాటకే వచ్చింది. జాన్ వేన్ నోరు తెరిస్తే అతనిది కాని గొంతు వినిపిస్తుంది. పాడినవాడు వేరు, పెదవులకూ పాటకూ పొత్తు కుదరదు. రెండో నవ్వు వీధిలో జరిగే తుపాకి పోటీ దగ్గర. వేన్ శత్రువుకు ఎదురుగా నడుస్తూ, ఇక ఇక్కడ రక్తం పారబోతున్నదనే అర్థంతో ఒక పాట ఎత్తుకుంటాడు. పాట పూర్తిచేసి శత్రువు రెండు మణికట్లూ గురిచూసి కొడతాడు. విద్యార్థులు బల్లలు చరిచి నవ్వారు. తర్వాత అడుగడుక్కీ నవ్వే. ఒకడు గుర్రం ఎక్కుతాడు. కెమెరా గిర్రున పక్కకు తిరుగుతుంది. కళ్ళు చెదిరి తేరుకునేలోగా అతను వెళ్ళవలసిన చోటికి చేరిపోయి ఉంటాడు. నేపథ్య సంగీతం లేనట్టే లెక్క. డెక్కల చప్పుడు, తలుపుల చప్పుడు, మధ్యమధ్య మాట తడుముకున్నట్టుండే నటులు. ప్రతిదానికీ ఎవరో ఒకరు ఒక వ్యాఖ్య విసరడం, మిగతావాళ్ళు నవ్వడం.

నీళ్ళ ధర గురించిన మాటలు జరిగే ఘట్టంలోనూ ఆ ధోరణి అట్లాగే సాగింది. అప్పుడు వెనక వరసలోంచి ఒక గొంతు వినిపించింది. అనంతపురం జిల్లా నుంచి వచ్చి మా దగ్గర చదువుతున్న కుర్రవాడు. పక్కవాడితో అన్నాడు: “నవ్వొద్దురా. మా ఊర్లో బోరున్నోడు నీళ్ళిడిస్తే పంటలో మూడో పాలు అడుగుతాడు. ఈ సినిమాలోవాడు తుపాకి చూపిచ్చి అడుగుతాండాడు. మా ఊరోనికి తుపాకి గూడా అక్కర్లేదు.”

అతను అన్నది మెల్లగానే. కాని హాలంతా విన్నది. ఆ ఘట్టం అయిపోయేదాకా ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత మళ్ళీ నవ్వులు మొదలైనాయి గాని, ముందున్న హుషారు లేదు. తెర మీద చిత్రం మారలేదు. పనితనం మొదటినుంచీ ఎంత నాసిగా ఉందో అప్పుడూ అంత నాసిగానే ఉంది. మరి ఏం మారింది? ఒక ప్రేక్షకుడు చిత్రంలోని వస్తువును తన జీవితంతో తగిలించి చూశాడు. అంతవరకూ మేమందరం శిల్పాన్ని చూసి నవ్వుతూ వస్తువును గమనించనే లేదు.

శిల్పం సంగతి ముందు తేల్చుకుందాం. హాలీవుడ్‌లో పెద్ద స్టూడియోల నీడన బతికిన చిన్న కంపెనీల సమూహాన్ని అక్కడివాళ్ళే ‘పావర్టీ రో’ అని పిలిచారు. మన మాటలో చెప్పాలంటే దరిద్రపు వాడ. ఈ చిత్రం లోన్‌స్టార్ అనే కంపెనీ తీసి మోనోగ్రామ్ ద్వారా విడుదల చేసింది. 1933 నుంచి 1935 దాకా జాన్ వేన్‌తో ఇట్లాంటివి 16 తీశారు. ఒక్కో చిత్రానికి అయిన ఖర్చు 10 వేల నుంచి 15 వేల డాలర్లు. షూటింగు కొద్ది రోజుల్లో ముగించాలి. ఈ లెక్కలు తెలిస్తే మేము నవ్విన ప్రతిదానికీ ఒక కారణం కనిపిస్తుంది. కెమెరా గిర్రున తిరగడం ఎందుకంటే, దారి పొడుగునా గుర్రాన్ని చిత్రించడానికి ఫిల్మూ లేదు, పగలూ మిగలలేదు. సంగీతం లేకపోవడానికి కారణం వాద్యబృందానికి డబ్బు లేకపోవడం. నటుడు మాట తడుముకున్నా అదే షాటు ఉంచేశారంటే, రెండోసారి తీయడం దుబారా అనుకున్నారన్నమాట.

ఆ లోపాల మధ్యనే పని తెలిసిన మనుషులూ ఉన్నారు. ఆ చిత్రాలలో గుర్రాల మీద నుంచి దూకినవాడు, బండి కింద పడినవాడు యాకిమా కనూట్. ఆ రోజుల్లో తెర మీది దెబ్బలాట అంటే ఒకరి భుజాల మీద ఒకరు నిజంగానే గుద్దుకోవడం. కనూట్, వేన్, బ్రాడ్‌బరీ కలిసి వేరే పద్ధతి కుదిర్చారు. పిడికిలి దవడకు తగలకుండా పక్కనుంచి పోతుంది. కెమెరాను ఎక్కడ పెడితే అది తగిలినట్టు కనిపిస్తుందో అక్కడ పెడతారు. తర్వాతి కాలపు సినిమా ఫైట్లకు పనికివచ్చిన పద్ధతి అది. 1959లో వచ్చిన ‘బెన్‌హర్’లోని రథాల పందెం చిత్రీకరణ నడిపిన కనూట్ పని నేర్చుకున్నది ఇట్లాంటి చవక చిత్రాలలోనే. వారం పట్టే చీరను రెండు రోజుల్లో దింపమని చెప్పి, పోగు తప్పిందని నేతగాణ్ణి ఎగతాళి చేస్తే ఎట్లా ఉంటుంది? మా నవ్వులో కొంత భాగం అట్లాంటిదే. లోపం లోపమే, కాదనను. ఆ లోపం ఎవరి అవసరం వల్ల వచ్చిందో అడగకుండా, కళ్ళ ముందున్న పనివాణ్ణి చూసి నవ్వాం.

ఇక వస్తువు. ఈ చిత్రాలను మొదట చూసినవాళ్ళు ఎవరు? పెద్ద నగరాలలోని పెద్ద థియేటర్లకు వీటితో పని లేదు. చిన్న ఊళ్ళు, వ్యవసాయ ప్రాంతాలు, శనివారం మధ్యాహ్నం పిల్లల ఆటలు – ఇవీ వీటి మార్కెట్టు. 1933లో అమెరికా వ్యవసాయదారుల స్థితి ఏమిటి? 1929లో డాలరు పైచిలుకు పలికిన బుషెల్ గోధుమలు 1932 నాటికి 40 సెంట్ల లోపుకు దిగాయి. అప్పులు కట్టలేక పొలాలు వేలానికి వచ్చాయి. చాలాచోట్ల పొరుగు రైతులు గుంపుగా వేలానికి వచ్చి, పైవాళ్ళెవరూ పాట పెంచకుండా అడ్డుపడి, ఆవునూ నాగలినీ కొద్ది సెంట్లకే పాడి, వాటిని తిరిగి సొంతదారుకే ఇచ్చేశారు. అయొవా రాష్ట్రం లెమార్స్ పట్టణంలో 1933 ఏప్రిల్ 27న రైతులు కోర్టులోకి చొరబడి జడ్జి బ్రాడ్లీని బయటికి ఈడ్చారు. ఇక పొలాల జప్తు ఉత్తర్వుల మీద సంతకం పెట్టనని ప్రమాణం చేయమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. మెడకు తాడు బిగించేదాకా వెళ్ళి వదిలేశారు. ‘రైడర్స్ ఆఫ్ డెస్టినీ’ విడుదలైంది అదే సంవత్సరం అక్టోబరులో.

అప్పుడు కింకెయిడ్‌ను చూసిన రైతు ప్రేక్షకుడికి, ‘ఇతను తుపాకులవాళ్ళను పెట్టుకున్న పాతకాలపు దుర్మార్గుడు’ అని మాత్రమే తోచి ఉంటుందా? పొలం లాక్కునేవాడు అతనికి ఇరుగుపొరుగులోనే ఉన్నాడు. ఈ చవక కౌబాయ్ చిత్రాలలో విలన్ తరచుగా బ్యాంకరో, భూమి మీద కన్నేసిన ఆసామో, నీళ్ళు పట్టుకున్నవాడో అవుతాడు. ఇది నిర్మాతల అభ్యుదయ భావాల ఫలితం కాదు. టిక్కెట్టు కొనేవాడు ఎవరిని అసహ్యించుకుంటాడో నిర్మాతకు తెలుసు. వాణ్ణే విలన్ చేశాడు. అయినా ఫలితం ఫలితమే. ఖరీదైన చిత్రాలు చాలావాటిలో కనిపించని ఒక నిజమైన ప్రశ్న – నీరు ఎవరిది అనే ప్రశ్న – ఈ నాసిరకం చిత్రంలో సూటిగా వినిపిస్తుంది.

అయితే ప్రశ్న నిజమైనంత మాత్రాన జవాబు నిజం కానక్కరలేదు. ఈ చిత్రం ఇచ్చే జవాబు చూడండి. లోయలోని జనం ఏమీ చేయరు; ఎదురు చూస్తారు. ప్రభుత్వం మారువేషంలో ఒక మంచి మనిషిని పంపుతుంది. అతను ఒక్క దుర్మార్గుణ్ణి తొలగిస్తాడు. నీరు దానంతట అది పారుతుంది. లెమార్స్ రైతులు తమ చేతులతో చేసింది, వేలం పాటల దగ్గర పొరుగువాళ్ళు కలిసి చేసింది – అదంతా వాళ్ళ చేతుల్లోంచి తీసి ఒక గుర్రపు రౌతు చేతిలో పెట్టింది ఈ చిత్రం. ప్రేక్షకుడి కోపాన్ని గుర్తించింది, గుర్తించి చల్లార్చింది. విమర్శకుడు పట్టుకోవలసిన లోపం ఇది. పెదవులకూ పాటకూ కుదరకపోవడాన్ని పది మందిమి పట్టుకున్నాం గాని దీన్ని ఎవరమూ పట్టుకోలేదు.

ఈ కథ నిజ జీవితంలో ఎట్లా నడిచిందో తెలుసుకోవాలంటే హాలీవుడ్‌కు చాలా దూరం పోనక్కరలేదు. కాలిఫోర్నియాలో ఓవెన్స్ లోయ ఉంది. అందులో లోన్‌పైన్ అనే ఊరి పక్కనున్న అలబామా కొండలలో లెక్కలేనన్ని కౌబాయ్ చిత్రాలు తీశారు. ఆ లోయ నీటి హక్కులను లాస్ ఏంజెలస్ నగరం కొనేసి, 1913లో సుమారు 375 కిలోమీటర్ల కాలవ తవ్వి నీళ్ళను తీసుకుపోయింది. అక్కడ కింకెయిడ్ లేడు. ఉన్నవి దస్తావేజులు, సంతకాలు, నగరపాలక సంస్థ. 1924లో లోయ జనం కాలవను డైనమైటుతో పేల్చారు. అదే సంవత్సరం నవంబరులో పదుల మంది వెళ్ళి అలబామా తూముల దగ్గర కాలవను స్వాధీనం చేసుకుని, నాలుగు రోజులపాటు నీళ్ళను మళ్ళీ లోయలోకి వదిలారు. ఆడవాళ్ళు అక్కడే వంటలు చేశారు. దగ్గరలో షూటింగు చేస్తున్న కౌబాయ్ నటుడు టామ్ మిక్స్ వాళ్ళ కోసం ఒక వాద్యబృందాన్ని పంపాడని చెప్పుకుంటారు. చిత్రంలో పాడుతూ వచ్చిన ఒక్క కౌబాయ్ సమస్య తీరుస్తాడు. లోయలో జనం తూము పట్టుకుంటే కౌబాయ్ వాళ్ళకు పాట పంపాడు. అయినా చివరికి నీళ్ళు నగరానికే పోయాయి. చట్టం నగరం పక్షాన, డబ్బు నగరం పక్షాన ఉన్నాయి.

ఇంకొక మెట్టు కిందికి దిగాలి. ఆ రైతులకు ముందు ఆ లోయ ఎవరిది? పైయూట్ జాతి ప్రజలది. కొండ వాగులకు కట్టలు కట్టి, కాలవలు తవ్వి, తమకు ఆహారమైన దుంపల మొక్కలకు వాళ్ళు నీళ్ళు పారించుకున్నారు. నీటి పనికి ఒక మనిషిని తామే ఎన్నుకునేవారు. మన చెరువుల కింద నీరుగట్టి వంటివాడు. 1863లో సైన్యం సుమారు 900 మంది పైయూట్లను లోయ నుంచి ఫోర్ట్ తెహోన్‌కు నడిపించుకుపోయింది. తర్వాత ఎందరో తిరిగి వచ్చారు గాని, అప్పటికి కాలవలూ పొలాలూ వచ్చినవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. కొందరు ఆ పొలాల్లోనే కూలికి కుదిరారు.

‘రైడర్స్ ఆఫ్ డెస్టినీ’లో ఆదివాసులు అసలు కనిపించరు. కనిపించి బాణాలు వేసి చచ్చిపోతే మా హాల్లో ఎవరైనా, ‘ఇది అన్యాయం’ అని ఉండేవారేమో. కనిపించకపోవడం వల్ల ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. నీరు ఎవరిదని అడిగే చిత్రం, ఆ ప్రశ్నను కింకెయిడ్ దగ్గర ఆపేసింది. దాని వెనక్కి పోతే పశువుల ఆసాములు కూడా జవాబు చెప్పవలసి వస్తుంది.

ఇక్కడ పాఠకులు, ‘ఇదంతా నాసిరకం చిత్రం కాబట్టి’ అనవచ్చు. కాదు. ఇదే జాన్ వేన్‌తో 1939లో జాన్ ఫోర్డ్ ‘స్టేజ్‌కోచ్’ తీశాడు. దానికైన ఖర్చు ఐదు లక్షల డాలర్ల పైచిలుకు. శిల్పంలో వేలుపెట్టడానికి సందు లేని చిత్రం. ప్రపంచమంతటా దర్శకులు దాన్ని చూసి నేర్చుకున్నారు. అందులోనూ డబ్బు కాజేసి పారిపోయే బ్యాంకరు ఉన్నాడు. అందులో అపాచీలు మాటలు లేని గుంపుగా వచ్చి, గుర్రాల మీద నుంచి రాలిపోవడానికే ఉన్నారు. మాన్యుమెంట్ వ్యాలీ నవాహోల భూమి. ఆ నవాహోలకే అపాచీల వేషం వేశారు. ఆ చిత్రం వేస్తే మా హాల్లో ఎవరూ నవ్వరు. గుర్రాల పరుగుకు ఊపిరి బిగబట్టుకుని, అపాచీలు పడుతుంటే లోలోపల సంతోషిస్తాం. నేను సంతోషించాను; ఒప్పుకోవడానికి సిగ్గుపడను. చవక చిత్రంలో కుట్టు కనిపిస్తుంది కాబట్టి నమ్మకుండా చూస్తాం. మంచి శిల్పం కుట్టు కనిపించనీయదు. అందులోని అబద్ధాన్ని మనం అనుభవంగా స్వీకరిస్తాం. శిల్పాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. శిల్పం ఎంత బలమైనదో అంత జాగ్రత్తగా దాన్ని పరీక్షించాలని నా భావం.

మా విద్యార్థుల నవ్వు ఒక రకం స్పందన. ఇట్లాంటి చిత్రాలనే వేరే ప్రేక్షకులు వేరే విధంగా చూశారు. ఆఫ్రికాలో ఈనాటి జాంబియా, నాటి ఉత్తర రొడీషియా, 1964లో స్వతంత్రమయ్యేదాకా బ్రిటిష్ పాలనలో ఉంది. అక్కడి రాగి గనుల ప్రాంతంలో యాజమాన్యాలు కార్మికుల కోసం ఆరుబయట సినిమాలు వేసేవి. ఎక్కువగా వేసినవి అమెరికాలో తీసిన చవక కౌబాయ్ చిత్రాలు. అరిగిపోయిన రీళ్ళు, దానికితోడు సెన్సారు కత్తెర. తెల్లవాణ్ణి కొట్టడం, చంపడం ఆఫ్రికన్లు చూడకూడదని పాలకుల భయం. అన్నీ కోసిన తర్వాత కథ మిగిలేది కాదు. అయినా వేల మంది వచ్చేవారు. హోర్టెన్స్ పౌడర్‌మేకర్ అనే మానవశాస్త్రవేత్త 1953–54లో లువాన్‌ష్యాలో ఉండి ఈ ప్రేక్షకులను గమనించి, 1962లో ‘కాపర్ టౌన్’ అనే గ్రంథంలో రాసింది. 2001లో చార్లెస్ ఆంబ్లర్ అనే చరిత్రకారుడు మళ్ళీ ఈ విషయాన్ని వివరంగా పరిశీలించాడు.

ఆ ప్రేక్షకులు ఏ చిత్రంలోని కౌబాయ్‌నైనా ‘జాక్’ అనే పిలిచేవారు. నటుడు మారినా, కథ మారినా జాక్ జాకే. కథ తెగిపోయిందని వాళ్ళు బాధపడలేదు. జాక్ ఎట్లా కొట్టాడు, ఎట్లా తప్పించుకున్నాడు, ఏ యుక్తి పన్నాడు – వీటిని గురించి చిత్రం నడుస్తున్నంతసేపూ కేకలు వేస్తూ, లేచి నిలబడి, ఒకరితో ఒకరు వాదించుకునేవారు. పిల్లలు కాగితం తొడుగులు కట్టుకుని, చెక్క తుపాకులు పట్టుకుని వీధుల్లో జాక్ ఆటలు ఆడారు. తెల్ల అధికారులలో కొందరు ఈ సందడి చూసి, ఈ జనానికి సినిమా అర్థం కాదని తీర్మానించారు. మరికొందరు అర్థమవుతుందేమోనని భయపడ్డారు. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. 1935లో లువాన్‌ష్యాలో సమ్మె చేసిన గని కార్మికుల మీద కాల్పులు జరిపి ఆరుగురిని చంపారు. 1940లో న్కానాలో చనిపోయినవారు 17 మంది. 1949లో ఆఫ్రికన్ గని కార్మికుల సంఘం ఏర్పడింది. 1952లో మూడు వారాల సమ్మె జరిగింది. ఈ సమ్మెలకు కారణం సినిమాలని ఎవరైనా అంటే అది హాస్యాస్పదం. కారణం కూలి రేట్లు, వర్ణ వివక్ష. కాని, సాయంత్రం జాక్‌ను చూసి కేకలు వేసినవాళ్ళూ, పగలు తుపాకుల ముందు నిలబడినవాళ్ళూ ఒకే జనం. వాళ్ళను ‘అమాయక ప్రేక్షకులు’ అని తీసిపారేయడానికి వీల్లేదు. తెగిపోయిన చిత్రంలోంచి కూడా తమకు పనికివచ్చే ముక్క ఏరుకున్నారు: ఒంటరిగా ఉన్నవాడు భయపడకుండా, తెలివిగా ఎట్లా నెగ్గుతాడు అన్నది.

దీన్ని చూసి, ‘ఇంకేం, ప్రజలు ఏ చెత్తలోంచైనా విప్లవాన్ని పిండుకుంటారు’ అని సంబరపడే విమర్శకులు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్ళతో నేను ఏకీభవించను. జాక్ తెల్లవాడు. అతని తుపాకి ఎదుట పడినవాళ్ళలో ఆ ప్రేక్షకుల వంటివాళ్ళే ఎక్కువ. 1965లో కేంబ్రిడ్జి విద్యార్థుల సభలో నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ ఇదే గాయాన్ని గురించి చెప్పాడు. గ్యారీ కూపర్ ఇండియన్లను చంపుతుంటే చిన్నతనంలో కూపర్ పక్షాన ఉత్సాహపడిన నల్ల పిల్లవాడు, ఆ ఇండియన్లు తానేనని ఒకనాడు తెలుసుకుని దిమ్మెరపోతాడని ఆయన మాటల సారాంశం. ప్రేక్షకుడు ముక్క ఏరుకుంటాడు, నిజమే. ఏరుకున్న ముక్కతో పాటు విషమూ లోపలికి పోతుంది. రెండూ చూడని విమర్శ సగం విమర్శ.

నా సంగతి కూడా చెప్పాలి. చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో నేలటిక్కెట్టు మీద ‘మోసగాళ్ళకు మోసగాడు’ చూశాను. అది చవక చిత్రం కాదు. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ హీరోగా వచ్చిన ఆ చిత్రం తెలుగు ప్రేక్షకులకు కౌబాయ్‌ను తెచ్చిపెట్టింది. మాకు వచ్చేసరికి మాత్రం రీలు అరిగిపోయింది. ఆటకు నాలుగుసార్లు తెగేది. రీలు తెగితే నేలంతా ఈలలు వేసేది, ఆపరేటరును తిట్టేది. తెర మీద బొమ్మ రాగానే నిశ్శబ్దం. తెర మీదివాళ్ళను చూసి ఎవరూ వెటకారం చేసిన గుర్తు లేదు. ఆ తర్వాత నేను చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది, బాల్కనీకి ఎక్కాను. సినిమా చూసి వెటకారంగా నవ్వడం నాకు ఆ మెట్ల మీదనే అబ్బింది. ‘నేను దీన్ని నమ్మేవాణ్ణి కాను’ అని పక్కవాడికి చెప్పుకోవడానికి నవ్వేవాణ్ణి. మా విద్యార్థుల నవ్వులో కూడా నాకు అదే వినిపించింది. వాళ్ళలో సగం మంది తాతలు ఇట్లాంటి చిత్రాలను నేల మీద కూచుని నమ్మి చూసినవాళ్ళే.

ఈ నవ్వు ఇప్పుడు సరుకుగా కూడా మారింది. 1980లో అమెరికాలో మెడ్వెడ్ సోదరులు చెత్త చిత్రాలకు బహుమతులిస్తూ ఒక పుస్తకం వేశారు. అప్పటినుంచి చెత్త చిత్రాలను వెతికి, ఎగతాళి కోసమే ప్రదర్శించడం ఒక వ్యాపారమైంది. ఒకప్పుడు పేద ప్రేక్షకుడికి అమ్మిన చిత్రాన్నే, అతన్ని తలుచుకుని నవ్వుకొమ్మని చదువుకున్నవాడికి మళ్ళీ అమ్ముతున్నారు.

విద్యార్థులు ఇక చవక చిత్రాలు చూడవద్దని నేననను. మొహాలు ముడుచుకుని చూడాలనీ అనను. జాన్ వేన్ పాట ఇప్పుడు వేసినా నాకు నవ్వు వస్తుంది. ఆ నవ్వు తర్వాత మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఈ లోపం పనివాడిదా, పని చేయించినవాడిదా? ఈ చిత్రం ఎవరి కష్టాన్ని తలకెత్తుకుని, దాన్ని ఎక్కడ దింపింది? తెర మీద లేనివాళ్ళు ఎవరు?

మా కాలేజీలో వచ్చే నెల ‘రైడర్స్ ఆఫ్ డెస్టినీ’, ‘స్టేజ్‌కోచ్’ ఒకే రోజు వేయాలని విద్యార్థులకు సూచించాను. ఒప్పుకున్నారు. ప్రదర్శన తర్వాత చర్చ ఉంటుంది. చర్చను నన్ను ప్రారంభించమన్నారు. నేను ఆ అనంతపురం కుర్రవాణ్ణి అడగమన్నాను. ముందు బెట్టు చేశాడట. తనకు సినిమాల గురించి ఏమీ తెలియదన్నాడట. బోరు నీళ్ళ సంగతి చెబితే చాలునని కబురు చేశాను.